పెద్దలకు పంపిన యంత్రములు: మన బాధ్యత ఎక్కడ ముగియును?



దూరదేశములో స్థిరపడిన కుమారుడు ఊరిలోనున్న తల్లికి ఒక యంత్రమును కొని పంపెను. దాని వెల చెల్లించెను, కొరియరు ఖర్చు చెల్లించెను, అది క్షేమముగా చేరినదని ఫోనులో విని సంతోషించెను. అంతటితో అతని బాధ్యత ముగిసినదా? ఈ ప్రశ్న చిన్నదిగా కనబడును గాని, మన తెలుగు కుటుంబములలో ఈనాడు ఇది ఇంటింటి ప్రశ్న. ఊరిలో మిగిలిన పెద్దలు, ఊరు విడిచిన పిల్లలు, వారి నడుమ అట్టపెట్టెలలో వచ్చు వస్తువులు. ఈ మూడింటిని గూర్చి కొంచెము నిదానముగా ఆలోచింపవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

యానాములో నివసించువారము గనుక ఈ సంగతి మాకు దగ్గరగా తెలిసినది. గౌతమీ గోదావరి ఒడ్డున సుమారు 30 చదరపు కిలోమీటర్ల ఈ చిన్న ప్రాంతము 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో ఉండెను. ఆ దినములలో ఇక్కడి మంగళవారపు సంతకు చుట్టుపట్ల బ్రిటిషు సీమనుండి జనులు విదేశీ సరుకుల కొరకు వచ్చెడివారు. పాలన మారినది, సంత మారినది, విదేశీ వస్తువు మీది మోజు మాత్రము మారలేదు. తరువాతి కాలములో గల్ఫు దేశములనుండి టూ-ఇన్-వన్ టేపురికార్డర్లు వచ్చెను. ఫ్రెంచి పౌరసత్వము గల కుటుంబములవారు సెలవులకు వచ్చునప్పుడు ఫ్రాన్సునుండి ఇస్త్రీపెట్టెలు, కాఫీ యంత్రములు తెచ్చిరి. ఇప్పుడు అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, ఇట్లు ఏ దేశమునుండి ఏ వస్తువు వచ్చునో చెప్పలేము.

బడి పని విరమించిన తరువాత మాకు ఈ వస్తువులే కాలక్షేపమైనవి. ముందుగదిలో ఒక బల్ల, ఒక సాల్డరింగ్ ఐరన్, ఒక మల్టీమీటరు, స్క్రూడ్రైవర్ల పెట్టె, పాత డబ్బాలలో చిల్లర సామాను, ఇవే మా ఆస్తి. మెకానిక్కు జీవనోపాధిగా చేయు పనిని మేము సరదాకు చేయుచున్నాము. ఇరుగుపొరుగువారు తెచ్చిన వస్తువులను విప్పి చూచుచుండగా ఒక విషయము మాకు బోధపడినది. వాటిలో చాలవాటికి రోగము లేదు. అవి పుట్టిన దేశమునకును, వచ్చిన ఇంటికిని పొత్తు కుదరలేదు.

ఉదాహరణకు గడియారము సంగతి చూడుడి. అమెరికాలో ఇండ్లకు వచ్చు కరెంటు 120 వోల్టులు, 60 సైకిళ్లు. మనకు 230 వోల్టులు, 50 సైకిళ్లు. ట్రాన్స్‌ఫార్మరు పెట్టి వోల్టులను తగ్గించవచ్చును గాని సైకిళ్లను అది మార్చదు. కరెంటు సైకిళ్లను లెక్కించి నడచు గడియారము అక్కడ నిక్కచ్చిగా నడచును, ఇక్కడ గంటకు పది నిమిషములు వెనుకబడును. ఒక పెద్దాయన అట్టి గడియారమును పూటకొకసారి సరిచేయుచు రెండు సంవత్సరములు గడిపిరి. కుమార్తె తెచ్చినది గనుక బల్లమీదనుండి తీయుటకు ఆయనకు మనసొప్పలేదు.

ఫ్రాన్సునుండి వచ్చిన ఇస్త్రీపెట్టె ప్లగ్గుకు రెండు గుండ్రని పిన్నులుండును. అవి మన సాకెట్టులో ఎట్లో దూరును, పెట్టె వేడెక్కును, అంతా బాగున్నట్లే కనబడును. అయితే అక్కడ ఎర్తు పిన్ను గోడలోని సాకెట్టునుండి ముందుకు పొడుచుకొని వచ్చి ప్లగ్గు రంధ్రములో కూర్చుండును. మన గోడలో ఆ పిన్ను లేదు గనుక ఎర్తు కలియదు. లోపల తీగ ఎక్కడైన రేగినయెడల కరెంటు పెట్టె ఒంటికి పాకి, ముట్టుకొన్న చేతికి తగులును. మన మూడు పిన్నుల ప్లగ్గు బిగించుట పది నిమిషముల పని. ఆ పని అవసరమని ఆ ఇంటివారికి ఎవరు చెప్పవలెను?

ఇంకొకటి ప్రాణముతో ముడిపడినది. షుగరు చూచుకొను చిన్న మీటరు. మన డాక్టర్లు మిల్లీగ్రాముల లెక్కలో నూట ఇరవై, నూట ఎనభై అని చెప్పుదురు. బ్రిటన్, కెనడా దేశములలో మిల్లీమోల్ అను వేరొక లెక్క వాడుకలో ఉన్నది. అక్కడి మీటరులో పది అని కనబడినయెడల దానిని పదునెనిమిదితో హెచ్చించవలెను, అనగా మన లెక్కలో నూట ఎనభై. ఆ దేశమునుండి వచ్చిన మీటరులో పది అను అంకెను చూచి, తన షుగరు పూర్తిగా దిగిపోయినదని తలంచి, మాత్రలు మానవలెనని సిద్ధపడిన ఒక పెద్దమనిషిని మేమెరుగుదుము. కొడుకు ప్రేమతోనే పంపెను. మీటరు తప్పు చెప్పలేదు. నడుమ ఒక్క మాట చెప్పువారు లేకపోయిరి. దాని స్ట్రిప్పులు కూడ ఆ మీటరుకు చెందినవే కావలెను, వాటికి గడువు తేదీ ఉండును, ఇక్కడి మందుల దుకాణములో అవి దొరకవు.

ఇట్లు వ్రాయుటచేత మేము యంత్రములకు విరోధులమని ఎవరును తలంపవద్దు. రుబ్బురోలు ముందు కూర్చుండి మన తల్లులు ఎన్ని గంటలు గడిపిరో, వారి భుజములు ఎంత అరిగెనో మనము మరువరాదు. 1996 నవంబరు 6 నాటి తుపాను కాకినాడకు దక్షిణముగా తీరము దాటి, మన ప్రాంతమును, కోనసీమను నేలమట్టము చేసి, వెయ్యిమందికి పైగా ప్రాణములు తీసెను. స్తంభములు కూలి కరెంటు లేని ఆ దినములలో బ్యాటరీలతో పలికిన చిన్న ట్రాన్సిస్టరు రేడియో చుట్టు వీధి వీధంతయు చేరియుండెను. యంత్రము మేలు చేయునదే. ఎప్పుడు మేలు చేయును, ఎప్పుడు భారమగును అనునదే విచారింపవలసినది.

ఇందుకు మన దేశములోనే ఒక చక్కని నిదర్శనమున్నది. 1960ల ఆరంభములో మాధురీ మాథుర్ అను గృహిణి వాడుచున్న జర్మనీ మిక్సరు చెడిపోయెను. ఇక్కడ దానిని బాగుచేయువారు లేరు. ఆమె భర్త సత్యప్రకాశ్ మాథుర్ ఇంజనీరు. మన పప్పులు, మసాలాలు, కొబ్బరి నలుగుటకు తగిన బలమైన మోటారుతో ఆయన వేరొక యంత్రమును తయారుచేసెను. 1963లో మొదలైన ఆ ప్రయత్నమే తరువాత ఇంటింటికి వచ్చిన సుమీత్ మిక్సీ. వంటింటిలో నలుగవలసినది ఏమిటో చూచి, దానికి తగినట్లు యంత్రమును మలచిరి. ఇప్పుడు మనము తరచుగా దీనికి తలక్రిందులుగా చేయుచున్నాము. యంత్రమును పంపి, ఇంటిని దానికి తగినట్లు మారుమనుచున్నాము. ఇండక్షను పొయ్యి పంపుదుము, అమ్మ సత్తుగిన్నెలు దానిమీద వేడెక్కవు.

గల్ఫునుండి వచ్చిన ఆ పాత టేపురికార్డర్ల కాలములో ఈ భారము ఇంతగా లేదు. దానికి నాలుగు మరలు విప్పిన లోపలంతయు కనబడెడిది. రబ్బరు బెల్టు సాగినయెడల కాకినాడలో మరియొకటి దొరకెడిది. దూదిని స్పిరిటులో ముంచి హెడ్డు తుడిచినయెడల మరల పాడెడిది. భర్త మస్కటునుండి మాటలు రికార్డుచేసి పంపిన క్యాసెట్టును ఇట్లే కాపాడుకొని విన్న ఇల్లాండ్రు ఉన్నారు. నేటి వస్తువులు వేరు. జిగురుతో అతికించి, మన దగ్గర లేని వింత మరలు బిగించి, విప్పుటకు వీలులేకుండ చేయుచున్నారు. భారత ప్రభుత్వము 2022 జూలైలో మరమ్మతు హక్కును గూర్చి ఒక కమిటీని నియమించి, అదే సంవత్సరము డిసెంబరు 24న దానికి ఒక పోర్టల్‌ను ప్రారంభించినది. 2023 ఏప్రిల్ 1 నుండి అమలైన ఈ-వ్యర్థముల నిబంధనల ప్రకారము, పాడైపోయిన వస్తువుల విషయములో తయారుచేసినవారికిని బాధ్యత గలదు. అనగా అమ్మినంత మాత్రమున తయారీదారుని బాధ్యత తీరలేదని చట్టము చెప్పుచున్నది. ముక్కు మొగము తెలియని కంపెనీకే ఇంత బాధ్యత ఉండగా, కన్నవారికి ఇచ్చిన బిడ్డల బాధ్యత ఇచ్చినంత మాత్రమున తీరునా?

కొందరు తీరుననుచున్నారు. నా శక్తికొలది ఇచ్చితిని, వాడుకొనుట వారి ఇష్టము అని వారి మాట. ఇందులో కొంత న్యాయమున్నది. ఇచ్చినదాని వెంట పెత్తనము పంపరాదు. మరికొందరు, వస్తువులు పంపుటయే వ్యర్థము, మీరు వచ్చి దగ్గర ఉండుడి అందురు. చెప్పుట సులభమే గాని, ఉద్యోగములు, అప్పులు, పిల్లల చదువులు గలవారు ఎట్లు వచ్చెదరు? వారు పంపు డబ్బుతోనే ఇక్కడ పొయ్యి వెలుగుచున్న ఇండ్లున్నవి. ఈ రెండు మాటలకు నడుమ మాకు తోచిన కొలత ఒకటి గలదు. ఆ వస్తువు ఇంటికి వచ్చిన తరువాత ఆ పెద్దలు దానికి యజమానులైరా, లేక దానికి కాపలాదారులైరా? యజమానులైనప్పుడు మన ఈవి పూర్తియైనది. కాపలాదారులైనప్పుడు మనము ఇచ్చినది ఇంకను వారికి చేరలేదు. రెండు ఇండ్లలో జరిగిన సంగతులు చెప్పిన ఈ మాట విశదమగును.

ఒక పెద్దమ్మగారికి కుమారుడు అమెరికానుండి నేల ఊడ్చు యంత్రమును తెచ్చెను. అది పళ్లెమువలె గుండ్రముగా ఉండి, తనంతట తానే తిరుగుచు దుమ్ము పీల్చును. దాని చార్జరు 100 నుండి 240 వోల్టుల వరకు పనిచేయునది గనుక కరెంటు చిక్కు లేదు. చిక్కంతయు గడపల దగ్గర వచ్చెను. ఆ పాత ఇంటిలో ప్రతి గదికిని బెత్తెడెత్తు గడప ఉన్నది. యంత్రము గడపను దాటలేదు. ఆమె దానిని చంటిబిడ్డవలె ఎత్తుకొని గదిగదికి మోయవలసి వచ్చెను. మోకాళ్ల నొప్పులు గల తల్లి వంగకుండ ఉండవలెనని తెచ్చిన వస్తువును ఎత్తుటకును దించుటకును ఆమె మరింతగా వంగెను. నెల దాటకమునుపే అది బీరువా మీదికి చేరెను. ఆరు నెలలు చార్జింగు లేక లోపలి లిథియం బ్యాటరీ చచ్చెను. అట్టి బ్యాటరీలను విమానములో పంపుటకు ఆంక్షలున్నవి గనుక మరియొకటి తెప్పించుటయు సులభము కాదు.

కుమారుడు ప్రతి వారము ఫోను చేసి, "ఊడుస్తోందా అమ్మా?" అని అడుగును. "బ్రహ్మాండంగా ఊడుస్తోంది నాన్నా" అని ఆమె చెప్పును. మాతో మాత్రము, "మాస్టారూ, వాడితో అనకండి. అంత డబ్బు పోసి తెచ్చాడు, చిన్నబుచ్చుకుంటాడు" అనిరి.

ఇది అబద్ధమా? అబద్ధమే. అయినను ఆమెను తప్పుపట్టుటకు ముందు ఆ ప్రశ్నను చూడవలెను. మాకు ఉపాధ్యాయ శిక్షణలో మొదట నేర్పిన పాఠములలో ఇది యొకటి. "అర్థమైందా?" అని తరగతిని అడిగినయెడల "అర్థమైంది మాస్టారూ" అని అందరును ఒక్క గొంతుతో చెప్పుదురు. ఆ ప్రశ్నకు వేరు జవాబు చెప్పుటకు పిల్లవానికి ధైర్యము చాలదు. తెలిసినదో లేదో చూడవలెనన్న సుద్దముక్క చేతికిచ్చి, బోర్డు మీద లెక్క చేయించవలెను. "ఊడుస్తోందా?" అను ప్రశ్నయు అట్టిదే. తల్లి తన కష్టమును దాచుకొనునట్లు ఆ ప్రశ్నయే చేయుచున్నది. ఫలితముగా కుమారుడు ఇల్లు శుభ్రముగా ఉన్నదని నమ్మును, తల్లి చీపురు పట్టి వంగుచునే యుండును. ప్రేమతో చెప్పిన ఆ మాట ఇద్దరినడుమ గోడయైనది.

మేము ఆమెతో, "అమ్మా, మాయంతట మేము చెప్పము. అబ్బాయి అడిగితే మాత్రం లేనిది ఉన్నదని చెప్పలేము" అంటిమి. కొన్నాళ్లకు అతడు వేరొక పనిమీద మాకు ఫోను చేసి ఆ మాట అడుగనే అడిగెను. "గడపల సంగతి ఒకసారి అమ్మగారిని అడుగు బాబూ" అంటిమి. అతడు అడిగెను, ఆమె చెప్పిరి. అతడు చిన్నబుచ్చుకొనలేదు, నవ్వెను. ఇప్పుడు ఒక పనిమనిషికి నెల జీతము పంపుచున్నాడు. ఆమె ఊడ్చి తుడిచి, కాసేపు కూర్చుండి మాటలాడి పోవును.

రెండవ ఇంటి సంగతి ఇంతకంటె బరువైనది. భర్త పోయి ఒంటరిగానున్న తల్లి ఒకసారి జారిపడగా, కుమారుడు సెలవులో వచ్చి హాలులో సీసీ కెమేరా బిగించి పోయెను. అతని ఉద్దేశము మంచిది. పడిపోయిన పెద్దవారిని వెంటనే కనుగొనుటకు అది ఉపయోగపడును. మొదట ఆమె కూడ సంతోషించిరి. రానురాను వంటగదిలో కూర్చుండి భోజనము చేయసాగిరి. తల దువ్వుకొనుట పెరటిలోనికి మారెను. ఇరుగమ్మలు వచ్చినప్పుడు మాటలు వీధి అరుగు మీదికి మారెను. తన హాలులో తానే కొంగు సర్దుకొని అతిథివలె కూర్చుండవలసి వచ్చెను. ఒకనాడు కెమేరా మీద తువ్వాలు కప్పగా ఐదు నిమిషములలో ఫోను వచ్చెను, "కెమేరాకి ఏమైందమ్మా?" అని. తువ్వాలు తీసివేసి, మరునాడు మా యింటికి వచ్చి, "మాస్టారూ, మీరు అన్నీ బాగుచేస్తారు గదా, దీన్ని కాస్త పాడుచేసి పెడతారా?" అని అడిగిరి.

అట్టి కోరిక మాకెన్నడును రాలేదు. మేము పాడుచేయలేదు. కుమారునికి ఫోను చేసి, అమ్మగారి మంచము ప్రక్కన, చేతికందు ఎత్తులో, ఆ కెమేరాకు ఒక స్విచ్చి పెట్టెదమని చెప్పితిమి. "ఆమె ఆపేసే వీలుంటే ఇంక కెమేరా ఎందుకండీ?" అని అతడడిగెను. అది న్యాయమైన ప్రశ్నయే. ఆపియుంచిన గంటలో ఆమె పడినయెడల ఏమగును? ఆ భయము నిజము. కాని ఇంటి తలుపుకు గడియ లోపలివైపున ఉండును గదా. లోపల గడియ పెట్టుకొన్నవారు పడిపోయినను మనకు తెలియదు. అంతమాత్రమున తల్లి గదికి గడియ వెలుపలివైపున బిగించుదుమా? అపాయము నుండి కాపాడుట ఎంత అవసరమో, తన ఇంటిలో తాను యజమానురాలిగా బ్రదుకుట ఆమెకంత అవసరము. ఈ రెంటిని తూచవలసినది ఆమెయే, ఎందుకనగా ఆ ఒళ్లు ఆమెది, ఆ ఇల్లు ఆమెది. అతడు రెండు దినములు ఆలోచించి ఒప్పుకొనెను. స్విచ్చి చేతిలోనికి వచ్చిన తరువాత రాత్రులు ఆమెయే కెమేరా వేసుకొని పండుకొనుచున్నారు. పగలు ఆపియుంచుచున్నారు. కెమేరా అదే, తీగ అదే. ఇప్పుడది ఆమె వస్తువైనది.

కాబట్టి ఆయా పట్టణములలో, దేశములలో స్థిరపడిన మన సంఘములవారికి కొన్ని మాటలు మనవి చేయుచున్నాము.

మొదటిది, పంపుటకు ముందు ఐదు సంగతులు విచారించుడి: వోల్టులు, సైకిళ్లు, ప్లగ్గు, విడిభాగములు, దగ్గరలో బాగుచేయు మనిషి. విదేశములో కొన్న వస్తువు గ్యారంటీ ఇక్కడ చెల్లకపోవుటయు కలదు. అదే వస్తువు కాకినాడలో దొరకునెడల డబ్బు పంపి ఇక్కడనే కొనిపించుట మేలు. బిల్లు ఇక్కడిది, గ్యారంటీ ఇక్కడిది, వచ్చి చూచు మనిషి ఇక్కడివాడు.

రెండవది, సెలవులో వచ్చినప్పుడు మీరు చేసి చూపుటతో ఆపవద్దు. పెద్దల చేతనే మూడుసార్లు చేయించుడి. ఏ మీట ఎందుకో తెలుగులో పెద్ద అక్షరములతో వ్రాసి అంటించుడి. నేర్చుకొనలేరని మనము తలంచువారు చాలమంది, వారి చేతికిచ్చినయెడల నేర్చుకొందురు.

మూడవది, ఊరిలో ఒక మెకానిక్కును చూచుకొని, అతని కూలి తక్కువచేయక చెల్లించుడి. పదివేల రూపాయల వస్తువును సంతోషముగా కొని, మూడువందల మరమ్మతు కూలికి బేరమాడుట మనలో ఉన్న అలవాటు. ఆ యంత్రము మీరు లేనప్పుడు అమ్మకు ఉపయోగపడుట అతనివలననే.

నాలుగవది, ఫోనులో "పనిచేస్తోందా?" అని అడుగవద్దు. "ఈ రోజు అందులో ఏం వండావు?" అని, "షుగరు ఎంత చూపించింది? అంకె చెప్పు" అని అడుగుడి. అప్పుడు నిజము చెప్పుట వారికి సులభమగును.

ఐదవది, అక్కరలేదని చెప్పుటకు వారికి సెలవియ్యుడి. వాడని యంత్రమును ఎవరికైన ఇచ్చివేయుటకును, అమ్మివేయుటకును వారు మీ అనుమతి కొరకు ఎదురుచూడరాదు.

పెద్దలుగానున్న మేమును చేయవలసినది కొంత ఉన్నది. పిల్లలు చిన్నబుచ్చుకొందురని కష్టమును దాచినయెడల, వారు మనలను సేవించు మార్గమును మనమే మూసినవారమగుదుము. గడియారము వెనుకబడుచున్నదని చెప్పుట కృతఘ్నత కాదు. అది చెప్పినప్పుడే ఇచ్చిన కుమార్తెకు తన తండ్రి దినమెట్లు గడుచుచున్నదో తెలియును.

ఈసారి మీరు ఇంటికి ఫోను చేసినప్పుడు, ఇంతకుముందు పంపిన వస్తువులలో ఏవి వాడుకలో ఉన్నవి, ఏవి బీరువా మీద ఉన్నవి అని నిదానముగా, నవ్వుచు అడిగి తెలిసికొనుడి. మరియొక దానిని కొనుటకు ముందు ఈ పని చేయుడని ప్రేమతో కోరుచున్నాము.